డ్రోన్ కెమెరా అద్దం మీద గీత పడింది, ఏం చేయాలి?

గాలివాటం
అందరికీ నమస్కారం. నాది 249 గ్రాముల తరగతి చిన్న డ్రోన్. 1/2.3 అంగుళాల సెన్సర్, 12 మెగాపిక్సెల్. మొన్న ఇసుక నేల మీద దింపుతుంటే ఆఖరి క్షణంలో పక్కకి ఒరిగి మూతి మీద పడింది. రెక్కలకేం కాలేదు, గింబల్ (కెమెరాని కుదుపు లేకుండా నిలిపే మోటార్ల చట్రం) మామూలుగానే తిరుగుతోంది. కెమెరా ముందంతా ఇసుక అంటుకుంటే కంగారులో చొక్కా అంచుతో తుడిచేశాను. ఇంటికొచ్చి చూస్తే అద్దం మీద ఏటవాలుగా ఒక గీత. వెంట్రుకంత సన్నం, కానీ టార్చ్ వేస్తే తీగలా మెరుస్తోంది. దీన్ని రుద్ది పోగొట్టవచ్చా? లెన్స్ మార్చాలా? కెమెరా మొత్తం మార్చాలా? రెండు రోజులుగా అదే టెన్షన్.

పాతకాపు
పడటం వల్ల వచ్చిన గీత కాదది, చొక్కా వల్ల వచ్చింది. ఇసుకలో ఉండేది ఎక్కువగా క్వార్ట్జ్. మోస్ కొలతలో దాని గట్టితనం 7, మామూలు గాజుది 5.5 దాపుల్లో. ఆ రేణువుల్ని గుడ్డ కింద పెట్టి రుద్దారంటే మీరే గీసినట్టు. సరే, అయిందేదో అయింది.

ముందు రెండు సంగతులు చెప్పండి. గోరు అడ్డంగా నెమ్మదిగా జరిపితే గీత తగులుతోందా? ఫోటోల్లో ఏమైనా కనిపిస్తోందా, లేక టార్చ్ కింద మాత్రమేనా? రెండోదానికి జవాబు ‘లేదు’ అయితే డ్రోన్‌ని పెట్టెలో పెట్టి హాయిగా నిద్రపోండి.

చిట్కాల సంచి
బ్రదర్, టూత్‌పేస్ట్ కొంచెం దూది మీద వేసి గుండ్రంగా రుద్దండి. మా పాత చేతి గడియారం అద్దం మీద గీతలన్నీ అలాగే పోయాయి. కొత్తదానిలా అయింది.

నీడల వేట
చిట్కాల సంచి గారూ, మీ గడియారం అద్దం గాజు అయ్యుండదు. పాత గడియారాలకి చాలావాటికి అక్రిలిక్ ప్లాస్టిక్ ఉండేది. అది మెత్తన. టూత్‌పేస్ట్‌లోని సిలికా పొడి దాన్ని అరగదీసి నున్నగా చేస్తుంది. కెమెరా అద్దం విషయం వేరు. దాని మీద వెలుగు తిరిగి కొట్టకుండా ఒక పూత ఉంటుంది. మెగ్నీషియం ఫ్లోరైడ్‌తో వేసే ఒంటి పూత అయితే మందం 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటర్‌లో పదివేలో వంతు. గోరుకి తగిలే గీత లోతు దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. అంత లోతు అరగదీసేసరికి పూత మిగలదు. గీత ఉన్నచోట వచ్చే తేడా కాస్తా అద్దమంతా పరుచుకుంటుంది.

చిట్కాల సంచి
సరే అండీ, నా గడియారం వరకే నా చిట్కా 🙂

రెండో రెక్క
నేను ఇంకో మెట్టు ముందుకెళ్ళి చేతులు కాల్చుకున్నవాణ్ణి, అందుకే రాస్తున్నా. టూత్‌పేస్ట్ వద్దన్నారని సీరియం ఆక్సైడ్ పొడి తెప్పించాను. గాజుని నునుపు చేయడానికి నిజంగా వాడేది అదే, అందులో అబద్ధం లేదు. నీళ్ళలో ముద్దలా కలిపి, చిన్న డ్రిల్‌కి ఉన్ని బిళ్ళ తగిలించి 40 నిమిషాలు రుద్దాను. గీత పోయింది! అద్దం తళతళలాడుతోంది. ఎగరేసి వీడియో చూస్తే తిన్నటి గోడ అంచు ఒకచోట వంకర పోతోంది, డ్రోన్ తిరుగుతుంటే ఆ వంకర కూడా నీళ్ళలో నీడలా కదులుతోంది. రుద్దినచోట గుంట పడిందన్నమాట. పైగా పూత పోయింది కాబట్టి సూర్యుడు ఏ మూల ఉన్నా చిత్రం తెల్లగా పాలిపోతోంది. గీత ఉన్నప్పుడే నయం.

గాలివాటం
పాతకాపు గారూ, గోరుకి తగులుతోంది. ‘టిక్’ మంటోంది. ఫోటోలు కంప్యూటర్‌లో పెద్దవి చేసి చూశాను. చాలావాటిలో ఏమీ లేదు. రెండు మూడింట్లో కుడివైపు పైన మసకగా ఉన్నట్టుంది. అది గీతో, నా భయమో తెలియట్లేదు.

పాతకాపు
భయం సంగతి తర్వాత. ముందు శుభ్రం చేయండి. సగం ‘గీతలు’ వేలిముద్రలే. బ్యాటరీ తీసేయండి. చేత్తో నొక్కే గాలి బ్లోయర్‌తో ఊదండి (నోటితో వద్దు, తుంపర్లు పడతాయి). తర్వాత మెత్తని బ్రష్‌తో రేణువులు దులపండి. అప్పుడు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ మూలకి ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, అసలు బరువే పెట్టకుండా తుడవండి. చుక్క గుడ్డ మీద వేయాలి, అద్దం మీద కాదు. అంచు నుంచి లోపలికి పాకితే కింద ఉండే జిగురు పాడవుతుంది. ఇంకో చేత్తో కెమెరా డబ్బాని వెనక నుంచి పట్టుకోండి. గింబల్ మోటార్ల మీద మీ వేలి బరువు పడకూడదు.

ఆ తర్వాత మూడు ఫోటోలు తీయండి: ఒకటి సూర్యుడు వెనక ఉండగా నీలాకాశం, ఒకటి సూర్యుడు ఫ్రేమ్‌కి కాస్త బయట పక్కగా ఉండగా, ఒకటి రాత్రి చీకట్లో ఒంటరి దీపం.

నీడల వేట
పాతకాపు గారి మాటకి చిన్న సవరణ. ‘ముందు అద్దం మీద గీత ఫోటోలో కనబడదు’ అని పెద్ద కెమెరాల వాళ్ళు అంటుంటారు. వాళ్ళకది నిజమే. అద్దం లెన్స్‌కి మరీ దగ్గర కాబట్టి దాని మీద గీత ఫోకస్‌లోకి రాదు, కరిగిపోతుంది. కానీ ఈ చిన్న కెమెరాల లెక్క వేరు.

గాలివాటం గారూ, మీ ఫోటో వివరాల్లో చూడండి, ఫోకల్ లెంగ్త్ 4.5 మి.మీ. దాపుల్లో, అపర్చర్ ఎఫ్/2.8 అని ఉంటుంది. 4.5ని 2.8తో భాగిస్తే వెలుగు లోపలికెళ్ళే ద్వారం 1.6 మి.మీ. అంతే, బాల్‌పెన్ రీఫిల్ గొట్టంలోకి కూడా దూరిపోయేంత. ఇదే దృశ్యాన్ని పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 24 మి.మీ. లెన్స్‌తో ఎఫ్/2.8 దగ్గర తీస్తే ద్వారం 8.6 మి.మీ. ఉంటుంది. 0.2 మి.మీ. గీత ఆ పెద్ద ద్వారం ముందు పడితే లెక్కలోకి రాదు. మీ చిన్న ద్వారానికి సరిగ్గా అడ్డంగా పడితే ఆరో వంతు వెలుగుని చెదరగొడుతుంది. అందుకే మీ మసక భయం కాకపోవచ్చు.

ఇంకో సంగతి. ఫోటోలో కుడివైపు పైన మసక అన్నారు. డ్రోన్‌ని మీ మొహానికి ఎదురుగా పట్టుకుని చూడండి, గీత మీకు ఎడమవైపు పైన ఉండాలి. అలా ఉంటే దొంగ దొరికినట్టే. కెమెరాకి కుడి అయ్యేది ఎదురుగా నిలబడ్డ మనకి ఎడమ కదా.

గాలివాటం
ఎడమవైపు పైనే ఉంది!!

ఫోటోలు కూడా తీశాను. నీలాకాశంలో ఏమీ లేదు. సూర్యుడు పక్కనున్నప్పుడు మాత్రం ఆ మూల పొగమంచు పట్టినట్టుంది, అందులోంచి ఏటవాలుగా ఒక చార. రాత్రి దీపానికి గీతకి అడ్డంగా పొడుగాటి వెలుగు తోక వస్తోంది. అంటే లెన్స్ మార్చాల్సిందేనా?

సోల్డర్ పొగ
రిపేర్ బల్ల మీద నుంచి చెప్తున్నా. ‘లెన్స్’ అని మీరందరూ అంటున్నది లెన్స్ కాదు. ఈ కెమెరాల్లో మనకి బయట కనిపించేది చదునైన కవర్ గ్లాస్. దాని వెనక కొంచెం ఖాళీ వదిలి అసలు లెన్స్ గొట్టం ఉంటుంది. భూతద్దం పెట్టి తలని అటూ ఇటూ కదిపి చూడండి. కింద కనబడే లెన్స్ రింగు మీద గీత జారుతున్నట్టు కనిపిస్తే గీత పై అద్దం మీదుంది. రింగుతో పాటే కదిలితే లోపల ఉంది. మీకు గోరు తగిలింది కాబట్టి పైదే, అనుమానం అక్కర్లేదు.

పై అద్దం మారిస్తే ఫోకస్ పోతుందేమో అని చాలామంది భయపడతారు. పోదు. రెండు వైపులా చదునుగా ఉండే పలక అది, చిత్రాన్ని చిన్నదీ పెద్దదీ చేయదు. లోపలి లెన్స్ సంగతి అలా కాదు. దాన్ని ఫ్యాక్టరీలో సెన్సర్ మీద ఫోకస్ చూసుకుంటూ సరిచేసి జిగురుతో బిగించేస్తారు. ఒక్క లెన్స్‌ని మాత్రం తీసి కొత్తది పెట్టడం బల్ల మీద అయ్యే పని కాదు. అక్కడ గీత పడితే కెమెరా మాడ్యూలే మార్చాలి. కొన్ని మోడళ్ళలో కెమెరా మార్చాక గింబల్‌ని దానికి తగ్గట్టు మళ్ళీ క్యాలిబ్రేట్ చేయాల్సి వస్తుంది. అందుకే గింబల్, కెమెరా కలిపి ఉన్న సెట్టే తీసుకోమని నేను చెప్తాను.

ఇక పై అద్దం రెండు రకాలు. కొన్నిటికి తిప్పి తీసే ఫిల్టర్‌గా ఉంటుంది, వెలుగు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు కూడా అక్కడే బిగుస్తాయి. అలాంటివాటికి రెండు నిమిషాల పని. మీ తరగతి చిన్నవాటిలో చాలావాటికి జిగురుతో అతికించి ఉంటుంది. అదే కొంచెం ఓపికతో చేయాల్సిన పని.

గాలివాటం
ఎంత ఊరటగా ఉందో! నాది తిరగట్లేదు, అతికించిందే అనుకుంటా. విడి అద్దం కోసం వెతుకుతాను. అంతదాకా ఎగరేయకుండా ఉండాలా? వచ్చే వారం ఒక షూట్ ఒప్పుకున్నాను.

పాతకాపు
ఎగరేయండి. అద్దం మీద గీత వల్ల డ్రోన్ పడదు. సూర్యుణ్ణి వీపున పెట్టుకుని తీయండి, అంతే.

పాతకాలం ఉపాయం ఒకటుంది. గీతలోకి నల్ల ఇంకు ఎక్కించడం. గీత చేసే అసలు పాడు పని వెలుగుని అడ్డుకోవడం కాదు, చెదరగొట్టడం. నలుపు నిండితే ఆ గాడి వెలుగుని మింగేస్తుంది, చుట్టూ చిమ్మదు. పెద్ద లెన్సుల మీద పెచ్చు లేచినచోట ఇలా నలుపు అద్ది ఏళ్ళ తరబడి వాడినవాళ్ళున్నారు. ఎలాగూ మార్చబోయే అద్దమే కాబట్టి మీరూ చేసి చూడవచ్చు. సూది మొనతో గాడిలో మాత్రమే నింపి, పైన చిందినదాన్ని ఆరకముందే తుడిచేయండి.

గాలివాటం
చేశాను. సూది మొన సరిగ్గా ఆనక మూడుసార్లు తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను, చేతులు వణికాయి. ఫలితం సగం సగం. రాత్రి దీపం తోక బాగా తగ్గింది. కానీ తెల్లటి మబ్బుల మీద ఆ మూల లేత నీడ కనిపిస్తోంది.

నీడల వేట
అదే నేను చెప్పిన 1.6 మి.మీ. గొడవ. పెద్ద లెన్స్‌కి చెల్లిన ఉపాయం ఇక్కడ సగమే చెల్లుతుంది. షూట్‌లో ఆకాశం తక్కువగా, నేల ఎక్కువగా పెట్టుకుంటే ఎవరికీ తెలియదు.

గాలివాటం
షూట్ అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. అద్దాలు కూడా వచ్చాయి. రెండు రకాలు తెప్పించాను, ఏది మంచిదో తేలక. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి.

సోల్డర్ పొగ
రెండిటినీ ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని ప్రతిబింబం చూడండి. పూత ఉన్నదానిలో ట్యూబ్‌లైట్ వెలుగు తగ్గి, ఊదాగానో ఆకుపచ్చగానో కనిపిస్తుంది. లేనిదానిలో తెల్లగా, స్పష్టంగా, అసలు లైటులాగే కనిపిస్తుంది. పూత లేని గాజు ఒక్కో ముఖం దగ్గర 4 శాతం వెలుగుని వెనక్కి కొడుతుంది. అది వద్దు. తర్వాత గోటితో తట్టి చూడండి. ‘టక్’ మని మొద్దుగా మోగితే అక్రిలిక్, ఇంకో చొక్కా అంచుకే గీసుకుపోతుంది. మందం కూడా పాతదానిలాగే ఉండాలి. గింబల్‌ని కెమెరా బరువుకి తగ్గట్టు తూచి పెడతారు. మూతి బరువెక్కితే మోటార్ రాత్రింబవళ్ళు దాన్ని మోస్తూనే ఉంటుంది, వేడెక్కి ‘గింబల్ ఓవర్‌లోడ్’ అంటుంది.

తీసే పద్ధతి. బ్యాటరీ తీయండి, రెక్కలు కూడా విప్పేయండి, చేతికి అడ్డం. గింబల్ కదలకుండా పక్కల మెత్తని ఫోమ్ దూర్చండి. కెమెరా వెనక సన్నటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, అది తెగిందంటే ఇప్పుడున్న గీత మీకు ముద్దొస్తుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ తక్కువ వేడిలో, దూరం నుంచి, ఆపి ఆపి. అద్దం మీద వేలు ఆనించి ఉంచగలిగినంత వేడే ఉండాలి. హీట్ గన్ జోలికి పోవద్దు, వెనక ప్లాస్టిక్ లెన్సులు ఉండే అవకాశం ఉంది. జిగురు మెత్తబడ్డాక సన్నటి ప్లాస్టిక్ రేకు అంచులో దూర్చి చుట్టూ తిప్పండి. ఇనుప బ్లేడు జారితే లోపలి లెన్సుకే తగులుతుంది. ఆఖరున చిన్న సక్షన్ కప్పుతో లాగండి. అద్దం ఊడే క్షణంలో కెమెరా నేల వైపు చూస్తుండాలి, ముక్కైతే కిందికే రాలుతుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. కొత్తది అతికించడానికి సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరి చుట్టుపక్కల గాజు మీద తెల్లటి పొరలా కూర్చుంటుంది. అదీ లోపలి వైపు! నా దగ్గరికి వచ్చే ‘లెన్స్ మసకబారింది’ కేసుల్లో చాలావరకు అవే. అద్దంతో పాటు వచ్చే రెండు వైపులా అంటుకునే టేపు రింగు చాలు. లేదా బీ-7000 లాంటి మెత్తని జిగురు సూది మొనంత, ఒక రోజు ఆరనివ్వాలి.

రెండో రెక్క
+1. సూపర్ గ్లూ కూడా నేను చేసి చూసిందే. నన్ను ఈ వేదిక పరీక్షల విభాగం అనుకోండి.

గాలివాటం
పని అయింది, ఉన్నదున్నట్టు రాస్తాను.

మూడుసార్లు డ్రయ్యర్ పట్టాను, నాలుగోసారికి కింది అంచు లేచింది. తొందరపడి సక్షన్ కప్పుతో లాగితే అద్దం గీత దగ్గరే ఠప్పున విరిగి రెండు ముక్కలైంది. కెమెరా నేల వైపు ఉంది కాబట్టి బతికిపోయాను. పెద్ద ముక్క వచ్చేసింది, చిన్నది అంచుకే వేలాడింది. దాన్ని ట్వీజర్‌తో తీయడానికి ఇంకో పావుగంట. పాత జిగురు వేలితో ఉండలు చుట్టినట్టు వచ్చేసింది.

లోపలి లెన్స్ అప్పుడు మొదటిసారి చూశాను. గింజంత కూడా లేదు! ఇంత పెద్ద చిత్రాలు ఆ చుక్కలోంచి వస్తున్నాయంటే నమ్మబుద్ధి కాలేదు. దాన్ని ముట్టుకోలేదు, బ్లోయర్‌తో రెండుసార్లు ఊదానంతే.

కొత్తది అతికించాక చూస్తే లోపల ఒక నూలు పోగు. మళ్ళీ తీసి, టేపు ముక్క అంచుతో ఆ పోగుని అద్ది తీసి, మిగిలిన రెండో అద్దం పెట్టాను. రెండు రకాలు తెప్పించడం ఇలా కలిసొచ్చింది, రెండోదీ పూత ఉన్నదే. ఆన్ చేయగానే గింబల్ ఎప్పటిలాగే తల ఊపి సర్దుకుంది. మనిషెత్తులో రెండు నిమిషాలు నిలిపి చూశాను, వణుకు లేదు.

కానీ ఒక సమస్య. సూర్యుడు ఎదురుగా, కొంచెం పైన ఉన్నప్పుడు వీడియోలో సన్నటి నల్ల చారలు టకటకా కదులుతున్నాయి. అద్దం సరిగా పెట్టలేదా?

నీడల వేట
చారలు కదులుతున్నాయా, ఒకేచోట ఉన్నాయా? అద్దం మీద లోపం ఎప్పుడూ ఫ్రేమ్‌లో ఒకేచోట కూర్చుంటుంది, అది నడవదు.

గాలివాటం
కదులుతున్నాయి. వేగం పెంచితే ఇంకా ఎక్కువ.

పాతకాపు
రెక్కల నీడ. సూర్యుడికీ కెమెరాకీ మధ్య రెక్క తిరిగినప్పుడల్లా అద్దం మీద పడే వెలుగు తెగుతుంది. కొత్త డ్రోన్లకీ వస్తుంది. ఇన్నాళ్ళూ మీరు గీతనే చూస్తూ దీన్ని పట్టించుకోలేదు. కెమెరాని కొంచెం కిందికి వంచండి, లేదా డ్రోన్‌ని పక్కకి తిప్పండి. మీ మోడల్‌కి లెన్స్ హుడ్ (ఎండ పడకుండా ఆపే చిన్న గొడుగు లాంటిది) దొరికితే అదీ పనిచేస్తుంది, బరువు చూసుకోండి.

గాలివాటం
కొంచెం పక్కకి తిప్పగానే పోయాయి. అందరికీ చాలా థ్యాంక్స్. ఇప్పుడు ల్యాండింగ్ ప్యాడ్ లేకుండా బయటికి వెళ్ళట్లేదు. అది మరిచిపోయిన రోజు చేత్తో పట్టుకుంటున్నాను.

సోల్డర్ పొగ
చేత్తో పట్టుకునేటప్పుడు వేళ్ళు జాగ్రత్త. వాటికి విడి భాగాలు నా దగ్గర లేవు.

కొత్తగా ఎగిరినవాడు
పాత చర్చని మళ్ళీ పైకి తెస్తున్నందుకు క్షమించండి. నాదీ ఇదే సమస్య, కానీ నాది కొంచెం పెద్ద డ్రోన్, తిప్పి తీసే ఫిల్టర్ రకం. మాన్యువల్‌లో చెప్పిన దిశలోనే తిప్పుతున్నా రావట్లేదు. గట్టిగా తిప్పితే గింబల్ మొత్తం తిరిగిపోతోంది, భయమేసి ఆపేశాను.

సోల్డర్ పొగ
ఆపి మంచి పని చేశారు. గింబల్ చేయిని కాదు, కెమెరా డబ్బానే రెండు వేళ్ళతో పక్కల నుంచి గట్టిగా పట్టుకోండి. ఇంకో చేతి వేళ్ళకి రబ్బరు గ్లవ్ వేసుకుని ఫిల్టర్ అంచు మాత్రమే తిప్పండి, అద్దాన్ని నొక్కొద్దు. ఇసుక ఇరుక్కుంటే అలా బిగుస్తుంది. ముందు అంచు చుట్టూ బ్రష్‌తో దులిపి, బ్లోయర్ కొట్టి అప్పుడు తిప్పండి.

కొత్తగా ఎగిరినవాడు
వచ్చేసింది! అంచులోంచి మూడు ఇసుక రేణువులు రాలాయి. ఫిల్టర్ తీసి వెలుగులో పెట్టి చూశాను, గీత దానితోనే వచ్చేసింది. లోపలి లెన్స్ మీద ఏమీ లేదు.